హైవే, రైల్వే గేటు దాటడం: అపోహలు - వాస్తవాలు

రోడ్డు భద్రత తనిఖీలు నా వృత్తి. హైవే పక్క ఊళ్లు, రైల్వే గేట్లు, వాటి బదులు కట్టే అండర్ బ్రిడ్జిల దగ్గరే నాకు ఎక్కువ రోజులు గడుస్తాయి. మీటింగుల్లో అధికారుల నోటా, ఊరివాళ్ల నోటా కొన్ని మాటలు పదేపదే వింటుంటాను. వాటిలో ప్రాణాల మీదికి తెచ్చేవి ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

అపోహ: జనానికి క్రమశిక్షణ లేదు, ఎక్కడ పడితే అక్కడ దాటేస్తారు.

నాలుగు వరుసల హైవే మీద ఏదైనా ఊరి దగ్గర ఆగి డివైడర్ చూడండి. గన్నేరు మొక్కల వరుసలో ఒకచోట సందు ఉంటుంది. అక్కడ మట్టి తొక్కుడుకు నున్నబడి ఉంటుంది, కొమ్మలు రెండు పక్కలా విరిగి ఉంటాయి, ఒక్కోసారి తెగిన హవాయి చెప్పు కూడా కనిపిస్తుంది. కంచె వేసినా కొన్నాళ్లకు అక్కడే కడ్డీ వంగుతుంది. ఎందుకంటే ఇటు పక్క బస్సు ఆగే చోటు, అటు పక్క బడి గానీ రేషన్ షాపు గానీ పాల కేంద్రం గానీ ఉంటుంది. రోజూ అదే మనుషులు అదే చోట దాటుతున్నారంటే అక్కడ దారి అవసరమని వాళ్లు కాళ్లతో రాసి చూపిస్తున్నట్టే.

అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని పెద్దకుంట తండా గురించి చాలామంది చదివే ఉంటారు. 44వ నంబరు జాతీయ రహదారి బైపాస్ వచ్చాక తండా ఒక పక్కన, పింఛన్లకూ పనులకూ వెళ్లాల్సిన చోట్లు ఇంకో పక్కన పడ్డాయి. రోడ్డు దాటబోయి ఎన్నో ఇళ్లు మగదిక్కును పోగొట్టుకున్నాయి. వాళ్లకు క్రమశిక్షణ లేదని అనడానికి నాకు నోరు రాదు.

ఒక చిన్న లెక్క చూడండి. హైవేలో ఒకవైపు రెండు వరుసలు, అంచుతో కలిపి ఎనిమిదిన్నర మీటర్లు అనుకుందాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ సెకనుకు 0.8 మీటరు నడిస్తే దాటడానికి దాదాపు 11 సెకన్లు పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ 11 సెకన్లలో 300 మీటర్లు వచ్చేస్తుంది. ఆవిడ మొదటి అడుగు వేసేటప్పటికి ఆ కారు ఎక్కడో చుక్కలా ఉంటుంది, మలుపు ఉంటే అసలు కనిపించదు. అందుకే ఊరి దగ్గర ముందు బండ్ల వేగం తగ్గించాలి. దాటే మనిషికి నీతులు చెప్పడం ఆ తర్వాత.

అపోహ: గేట్‌మ్యాన్ కావాలనే ముందుగా గేటు వేసేస్తాడు.

సిగ్నల్‌తో ముడిపెట్టిన గేటు పూర్తిగా పడి, తాళం పడితే గానీ రైలుకు సిగ్నల్ పచ్చబడదు. సిగ్నల్‌తో ముడి లేని చోట స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తారు. గేటు వేశాక గేట్‌మ్యాన్ దానికి రుజువుగా ప్రైవేటు నంబరు అనే రహస్య సంఖ్య చెబుతాడు, దాన్ని ఇద్దరూ పుస్తకంలో రాసుకుంటారు. వంద వేగంతో వచ్చే రైలు అత్యవసర బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరు దాకా పట్టొచ్చు. అందుకే లోకో పైలట్‌కు పచ్చ లైటు చాలా ముందే కనిపించాలి. మీరు బైకు మీద చిరాకుగా ఎదురుచూసే ఆ నిమిషాలు వీటన్నిటికీ పట్టేవే. రెండు లైన్ల చోట ఒక రైలు వెళ్లగానే బైకు వంచి గేటు కింద దూరే కుర్రాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. వెళ్లిన రైలు చాటున రెండో లైన్లో వచ్చేది వాళ్లకు కనిపించదు.

అపోహ: కాపలా లేని గేట్లన్నీ ఎత్తేశారు, ఇక భయం లేదు.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు మీద స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. 2019 జనవరి నాటికి దేశంలో బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) లైన్ల మీద కాపలా లేని గేట్లు లేకుండా చేశారు. అది నిజంగా పెద్ద పని. అయితే గేటు మూసేసినంత మాత్రాన అవతలి పక్క పొలం ఇవతలికి రాదు కదా. చుట్టు తిరిగే దారి మూడు కిలోమీటర్లయితే మనిషి పట్టాలే దాటుతాడు.

పైవంతెనకు ఏ గేటు అర్హమో తేల్చేటప్పుడు చూసే ముఖ్యమైన లెక్క టీవీయూ (ట్రెయిన్ వెహికల్ యూనిట్లు). రోజుకు వెళ్లే రైళ్ల సంఖ్యను బండ్ల యూనిట్లతో గుణిస్తారు. కారు, ఎడ్లబండి ఒక్కో యూనిట్, ఆటో అర, బైకు పావు. నడిచే మనిషికి అందులో చోటు లేదు. ఉదయం బడికి నడిచి దాటే పిల్లలు ఎందరున్నా ఆ లెక్క ఒక్క యూనిట్ కూడా పెరగదు. అందుకే వాళ్లను లెక్కపెట్టి కాగితం మీద పెట్టే పని ఊరే చేయాలి.

అపోహ: అండర్ బ్రిడ్జి కట్టేస్తే సమస్య తీరినట్టే.

ఒకచోట డ్రాయింగ్ పూర్తయ్యాక ఊరికి వెళ్లాం. గొర్రెలు కాసే పెద్దాయన కర్రతో నేల మీద గీత గీసి, "అయ్యా, చెరువు అలుగు పారితే నీళ్లు ఇట్ల వస్తయ్. మీరు సరిగ్గ గీన్నే గుంత తవ్వుతున్నరు" అన్నాడు. మేం వెళ్లింది ఎండాకాలం, నేల పగుళ్లు తేలి ఉంది. ఆయన మాట ఎవరూ రాసుకోలేదు. అక్కడ నేనూ ఉన్నాను, పట్టుబట్టి రాయించాల్సింది. మొదటి పెద్ద వానకే నడుములోతు నీళ్లు నిలిచాయి. మోటారు పెట్టారు గానీ కరెంటు పోతే అదీ ఆగిపోయేది. స్కూలు పిల్లలు మళ్లీ పట్టాలెక్కారు.

ఎత్తు సంగతీ అంతే. కారు పడుతుందా లేదా అని చూస్తే చాలదు. వరికోత మిషన్, గడ్డి లోడు ట్రాక్టరు పడతాయా అని రైతును అడగాలి, ఆ కొలత టేపు పెట్టి తీసుకోవాలి.

అపోహ: ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉంటే చాలు.

నెత్తి మీద గంప, చంకలో బిడ్డ ఉన్న తల్లి అన్ని మెట్లు ఎక్కి దిగదు. లిఫ్టు గానీ ర్యాంపు గానీ లేకపోతే, ఉన్నా అది దాటే చోటుకు దూరమైతే, ఆ వంతెన ఫ్లెక్సీలు కట్టడానికే పనికొస్తుంది.

అపోహ: ఊరివాళ్లను అడిగితే ఎవరికి వారు తమ ఇంటి ముందే డివైడర్ తెరవమంటారు.

అడిగే తీరు బట్టి ఉంటుంది. పంచాయతీ ఆఫీసులో కుర్చీలు వేసి అడిగితే పెట్రోలు బంకు ఓనరు, హోటలు ఓనరు మాట్లాడతారు. అందుకే నేను ఉదయం బడి వేళ, సాయంత్రం పాల వేళ, చీకటి పడ్డాక, మూడుసార్లు ఊరివాళ్లతో కలిసి నడుస్తాను. తర్వాత బడి ఆవరణలో ముగ్గుపిండితో రోడ్డు, పట్టాలు, వాగు గీసి, ఎవరు ఎక్కడ దాటతారో చిన్న రాళ్లు పెట్టమంటాను. మీటింగులో నోరు తెరవని ఆడవాళ్లు రాళ్లు పెట్టడానికి ముందుకొస్తారు. రాళ్లు కుప్పపడిన చోటు చూశాక ఇంటి ముందు తెరవమనే గొడవ చాలామటుకు చల్లారుతుంది. డివైడర్‌లో ప్రతి తెరుపూ కొత్త ప్రమాదమే అన్న మాట కూడా అప్పుడు చెవికెక్కుతుంది. కానీ తెరుపు మూసి, యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల పెడితే బైకులు రాంగ్ రూట్లో వస్తాయి. సర్వీసు రోడ్డు లేకుండా మూయడానికి నేను ఒప్పుకోను.

అపోహ: చావులు జరిగితే గానీ ఎవరూ పట్టించుకోరు.

జాతీయ రహదారుల మీద బ్లాక్ స్పాట్ (ప్రమాదాలు ఎక్కువ జరిగే చోటుగా అధికారులు గుర్తించేది) అంటే సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావులు లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5, లేదా 10 మరణాలు. వెంట్రుకవాసిలో తప్పినవి ఏ స్టేషన్ రికార్డులోనూ ఉండవు. వాటిని మీరు రాయండి. బడి దగ్గర, టీ కొట్టు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి తేదీ, టైము, ఏ బండి, ఎవరు దాటుతున్నారు, ఎందుకు తప్పింది అని నెల రోజులు నింపండి. కిలోమీటరు రాయి నంబరు, రైల్వే గేటైతే ఎల్సీ (లెవల్ క్రాసింగ్) నంబరు తప్పక వేయండి. గ్రామసభ తీర్మానం జోడించి కలెక్టరు నడిపే జిల్లా రోడ్డు భద్రత కమిటీకి ఇవ్వండి. హైవే మీద అప్పటికప్పుడు చెప్పాల్సినది 1033కు, రైల్వేది 139కు ఫోన్ చేయండి. డ్రాయింగ్ ఖరారు కాకముందే ఊళ్లో చూపించాలని అర్జీలో మొదటి వాక్యంగా రాయండి. టెండరు అయ్యాక వస్తే నా చేతుల్లో మిగిలేది బోర్డులు, రంగు గీతలే.