చెరువు పచ్చబడితే మైలుతుత్తం చల్లాలా? అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం వస్తే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, నీళ్లు పచ్చగా అయిపోయాయి, మైలుతుత్తం ఎంత చల్లమంటారు?" మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, రాగి ఉన్న మందు. దాన్ని అసలు చల్లాలా వద్దా అని అడిగేవాళ్లు చాలా తక్కువ.

అపోహ: నాచు చస్తే చెరువు బాగుపడినట్టే.

వాస్తవం: మైలుతుత్తం నాచును చంపుతుంది, నీళ్లు తేటపడతాయి. కానీ చచ్చిన నాచు కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అడుగున ఆక్సిజన్ అయిపోతే, బురదలో ఇనుముతో కలిసి ఉన్న భాస్వరం విడివడి మళ్లీ నీళ్లలోకి వస్తుంది. అదే తర్వాతి నాచుకు ఎరువు. చల్లిన రాగి మాత్రం బురదలోనే పేరుకుంటూ పోతుంది. పైగా కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచులో విషాలుంటాయి. బతికున్నప్పుడు చాలావరకు కణాల్లోనే ఉండే ఆ విషం, మందు పడి కణాలు పగిలితే ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుంది. మైక్రోసిస్టిన్ లాంటి నాచు విషాలు నీళ్లు మరిగించినా పోవు.

ఒకచోట మందు అమ్మినతను చెప్పాడని చెరువంతా ఒకేసారి చల్లేశారు. తర్వాత ఒక తెల్లవారుజామున నేను వెళ్లేసరికి పెద్ద చేపలు నీటిపైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, కొన్ని అప్పటికే వెల్లకిలా తేలాయి. ఆక్సిజన్ కొలిచే మీటరును చెరువు అడుగుకు దించితే లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ కూడా లేదు. గట్టు మీద మాత్రం ఎవరో విషం కలిపారని పెద్ద గొడవ. చేపలు పెంచిన ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది, కానీ ఈ విషప్రయోగం పుకార్లతో విసిగిపోయాను. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే ముందే. చావులు ఆ వేళకి, పెద్ద చేపలతో మొదలైతే ఒకరి మీద నింద వేసే ముందు ఆక్సిజన్ కొలవండి.

మరి చేయాల్సిందేమిటి? భాస్వరం ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి: మురుగు, పేడ, పొలాల ఎరువు. 1973లో కెనడాలో ఒక సరస్సును తెరతో రెండుగా చీల్చి, రెండు వైపులా నత్రజని, కర్బనం వేశారు. ఒక్క వైపే భాస్వరం కూడా కలిపారు. నాచు విపరీతంగా పెరిగింది ఆ వైపే. అమెరికాలో సియాటిల్ పక్కనున్న వాషింగ్టన్ సరస్సులోకి వచ్చే మురుగును 1963 నుంచి 1968 వరకు దశలవారీగా మళ్లించాక ఆ నీళ్లు తేరుకున్నాయి. అడుగున బురద బాగా పేరుకున్న చెరువుకైతే, మురుగు ఆపినా కొన్నేళ్లు పడుతుంది. ఓపిక పట్టాల్సిందే.

తేట నీరు మంచి నీరేనా? కాదు. ఆమ్ల వర్షాలకు చేపలే లేకుండా పోయిన సరస్సులు అద్దంలా మెరిసేవి.

గట్టు వెంట జమ్ము, తుంగ పీకేయాలా? వద్దు, గట్టు కోసుకుపోకుండా కాపాడేవి అవే. తీయాల్సింది గుర్రపుడెక్క. తీసి గట్టు మీదే పోస్తే మాత్రం కుళ్లి రసమంతా మళ్లీ చెరువులోకే.

"మా గేదెలు తాగాయి, ఏమైనా అవుతుందా?" అని టెన్షన్ పడేవాళ్లకు: విషం ఉందో లేదో చూపుతో తెలియదు. నీటిపై రంగు ఒలికినట్టు పచ్చటి తెట్టు కడితే, పరీక్ష ఫలితం వచ్చేదాకా పిల్లల్ని, పశువుల్ని, కుక్కల్ని దిగనివ్వకండి. ఇప్పటికే తాగి నీరసంగా ఉంటే, ఫలితం కోసం ఆగకుండా పశువైద్యుడికి చూపించండి.