కసిమి నుంచి అక్రిలిక్ దాకా: శ్రీకాళహస్తి బట్ట మీది రంగుల నేపథ్యం

తిరుపతి, శ్రీకాళహస్తి అంగళ్లలో ఇప్పుడు కలంకారీ పేరుతో రెండు రకాల బట్టలు పక్కపక్కనే వేలాడుతున్నాయి. రెండింటి మీదా అవే దశావతారాలు, అవే నెమళ్లు, అదే జీవవృక్షం. ఒకటి కరక్కాయ, ఇనుము, పటిక, వేళ్లతో వారాల తరబడి పండిన బట్ట. రెండోది సీసాలోని అక్రిలిక్ రంగుతోనో, స్క్రీన్ ప్రింటింగ్‌లో వాడే పిగ్మెంట్ (రంగు పొడి) పేస్టుతోనో ఒకటి రెండు రోజుల్లో తయారైనది. శ్రీకాళహస్తి కలంకారీకి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా కొనేవాళ్లు రెంటికీ తేడా పట్టలేకపోతున్నారు, దాంతో అసలు పని చేసేవాళ్లకు కూలి కూడా గిట్టడం లేదు. ఈ రెండు రంగులు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో, బట్ట మీద ఏవి ఎలా నడుచుకుంటాయో తెలిస్తే గాని ఈ గొడవ అర్థం కాదు.

చిత్రకారులు వాడే రంగుల్లో దాదాపు అన్నింటికీ సూత్రం ఒక్కటే: రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు. నీటిరంగులో ఆ జిగురు తుమ్మజాతి చెట్ల బంక. టెంపెరాలో గుడ్డు పచ్చసొన. తైలవర్ణంలో అవిసె నూనె. అక్రిలిక్‌లో నీటిలో తేలే సన్నని ప్లాస్టిక్ రేణువులు. ఒకే నీలం పొడిని ఈ నాలుగింట్లోనూ కలపవచ్చు. పొడి మారదు. ఆరే తీరు, మెరుపు, పగిలే గుణం మారతాయి. జిగురు ఏదైనా రంగు పైపొరగానే కూర్చుంటుంది.

కాళహస్తి పద్ధతిలో జిగురు లేదు. నూలుపోగులోనే రసాయన చర్య జరిగి రంగు అక్కడే పుడుతుంది.

ముందు గాడా అనే ముతక నూలుగుడ్డలోని గంజి పోయేదాకా నానబెట్టి, ఉతికి ఆరేస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి పిండి ఎండలో వేస్తారు. కరక్కాయ పొడి బట్ట బరువులో అయిదో వంతు దాకా ఉంటే చాలు. పాల వెన్న పోగుల చుట్టూ పట్టుకుని గీత పాకకుండా ఆపుతుంది. కరక్కాయలోని వగరు పదార్థం, అంటే టానిన్, ఇనుము కోసం కాచుకుని ఉంటుంది. పాలు పలచనైతే కలం పెట్టగానే గీత పక్కలకు పాకుతుంది. బాగా చిక్కనైతే బట్ట జిడ్డుబారి కలాన్ని అసలు పట్టదు.

నల్లరంగు కసిమి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి కుండ మూతికి గుడ్డ కట్టి రెండు మూడు వారాలు పులియబెడతారు. కొలతలు ఇంటింటికీ మారతాయి. బెల్లం పులిసి ఆమ్లంగా మారితే ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. వడకట్టిన నీళ్లు చూడ్డానికి పలచగా, గోధుమ రంగులో ఉంటాయి. కరక్కాయ పట్టిన బట్ట మీద గీస్తే మాత్రం క్షణాల్లో నల్లబడతాయి. సరిగా పులవకపోతే గీత బూడిదరంగులో ఆగిపోతుంది. ఇనుము మోతాదు మించితే నష్టం వెంటనే కనబడదు. ఏళ్లు గడిచాక సరిగ్గా గీత వెంబడే బట్ట చివికిపోతుంది. పాత కలంకారీల్లో మిగతా రంగులు బాగుండి నల్లగీతలున్న చోటే చిరుగులు పడటానికి కారణం ఇదే.

ఎరుపు మరీ ఓపిక అడిగే పని. ఎరుపు కావలసిన చోట కలంతో పటిక నీళ్లు రాస్తారు. ఒక రోజైనా అలా ఆరనిచ్చి పారే నీళ్లలో జాడిస్తారు. ఆ తర్వాత చవలికొడి, సురుడు చెక్క, మంజిష్ఠ వంటి ఎరుపునిచ్చే వేళ్లూ చెక్కలూ వేసిన నీళ్లలో మరిగిస్తే పటిక ఉన్న చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. జాడింపులో పొరపాటు జరిగితే దిద్దుకునే వీలే లేదు. మిగులు పటిక నేల మీదికి, అంటే బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ బట్ట మీదికి, పాకి, ఉడికేటప్పుడు బట్టంతా గులాబీ మరకలు తేలతాయి. నిలవ నీళ్లు పనికిరావని పనివాళ్లు పట్టుబట్టేది అందుకే. స్వర్ణముఖి నదిలో ఏడాదిలో చాలా భాగం పారే నీళ్లుండవు కాబట్టి తొట్లు, బోరు నీళ్లే దిక్కయ్యాయి. బోరు నీళ్లలో సున్నం ఉంటే ఎరుపు ముదురుతుంది. ఇనుము ఉంటే మాత్రం ఎరుపు, పసుపు రెండూ మసకబారతాయి.

నేలను తెల్లబరిచి, మళ్లీ పాలు పట్టించాక పసుపు, నీలం వస్తాయి. కరకపువ్వు కషాయం పసుపునిస్తుంది. నీలిమందు నీళ్లలో కరగదు. క్షారంలో పులియబెట్టి, పచ్చని ద్రావణం చేసి పూస్తే గాలి తగిలి బట్టలోనే నీలమవుతుంది. దాని మీద పసుపు పూస్తే ఆకుపచ్చ.

ఈ విద్య కోసం ఒకప్పుడు ఐరోపా తహతహలాడింది. కోరమాండల్ తీరపు అద్దకాల ముందు అక్కడి నేతగాళ్లు నిలవలేకపోతే, ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఎత్తివేయలేదు. 1742లో కూర్దూ అనే జెసూట్ పాదిరి ఇక్కడి పనివాళ్లను అడిగి కరక్కాయ, గేదెపాలతో మొదలయ్యే పద్ధతినంతా ఫ్రాన్స్‌కు ఉత్తరంలో రాసి పంపాడు. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన మనిషి కాబట్టి వివరాలు అంత నేరుగా అందుకోగలిగాడు.

అసలు దెబ్బ మాత్రం ప్రయోగశాలల నుంచి వచ్చింది. ఎరుపు అద్దకానికి వాడే చిరివేరులో రంగునిచ్చే అలిజరిన్ అనే పదార్థాన్ని 1868లో గ్రేబ్, లీబర్మన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు కృత్రిమంగా తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలిమందు బజారులోకి వచ్చింది. చిరివేరు తవ్వకం, నీలిమందు సాగు దాంతో కూలబడ్డాయి. కాళహస్తిలో కలం పట్టేవాళ్లు కరువైన దశలో హస్తకళల ఉద్ధరణకు పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో శిక్షణ కేంద్రం మొదలైంది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ గురువు. ఆయన కుమారుడు గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ దక్కింది.

ఇక కాన్వాస్ రంగులది వేరే దారి. తైలవర్ణం ఐరోపాలోనే పుట్టిందని అనుకునేవాళ్లు, కానీ అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ గుహల్లో ఏడో శతాబ్దం నాటి బొమ్మల్లోనే ఆరే నూనెలు బయటపడ్డాయి. అవిసె నూనె ఆవిరై పోయి ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. చేతికి అంటకుండా ఆరడానికి రోజులు, దళసరి పూతకైతే నెలలు పడుతుంది. ఆ నూనె నేరుగా నూలుకు తగిలితే పోగు కుళ్లుతుంది కాబట్టి కాన్వాస్‌కు ముందుగా జిగురుపూత తప్పనిసరి. 1841లో జాన్ రాండ్ లోహపు ట్యూబు కనిపెట్టాక నూరిన రంగును నిలవ ఉంచుకోవడం తేలికైంది. నీళ్లతో పలచబరిచే అక్రిలిక్ 1950ల మధ్యలో అమెరికాలో అమ్మకానికి వచ్చింది.

అక్రిలిక్ చెడ్డ రంగేమీ కాదు. పసుపుబారదు, వంగినా తొందరగా పగలదు, గోడకూ కాన్వాస్‌కూ చక్కగా సరిపోతుంది. మన ఎండతోనే ఇబ్బంది. నలభై డిగ్రీలు దాటే మే నెలలో పళ్లెంలోనే తోలు కడుతుంది. ఆరిన పొర కూడా వేడికి మెత్తబడి దుమ్ము పట్టుకుంటుంది. రెండు బొమ్మల్ని ముఖాముఖి పెట్టి కట్టగడితే అతుక్కుపోతాయి. కాన్వాస్ రంగునే చీర మీద పూస్తే బట్ట అట్టలా బిరుసెక్కుతుంది, ఇస్త్రీ పెట్టెకు అంటుకుంటుంది. స్క్రీన్ పిగ్మెంట్‌ను 150 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు కాల్చాలి. ఆ పని ఎగ్గొట్టిన బట్టల్లోనే రంగు మొదటి ఉతుకుల్లో రాలిపోతుంది.

అలాగని చెట్ల రంగులన్నీ శాశ్వతం కావు. పటిక పట్టిన ఎరుపూ, నీలిమందు నీలమూ వెలుతురును బాగా తట్టుకుంటాయి. పసుపులు వాటికంటే ముందే వెలుస్తాయి. పాత బట్టల్లో ఆకులు నీలంగా కనబడితే పైపూత పసుపు పోయిందని అర్థం. కిటికీకి ఎదురుగా కలంకారీ తగిలించవద్దనేది ఇందుకే.

అంగట్లో తేడా పట్టాలంటే ముందు బట్ట తిరగేసి చూడాలి. కసిమి గీత వెనక్కి కూడా దిగి ఉంటుంది. పిగ్మెంట్ పైపైనే ఉంటుంది, వేలికి పొరలా తగులుతుంది. కొనేశాక అంచులో ఒక పోగుకు నిమ్మరసం తాకిస్తే కసిమి నలుపు వెలిసి గోధుమరంగుకు వస్తుంది, పిగ్మెంట్ నలుపు చెక్కుచెదరదు. స్పిరిట్ అద్దిన దూదితో రుద్దితే అక్రిలిక్ మెత్తబడి దూదికి అంటుతుంది. నిమ్మరసం తాకిన చోట నలుపు తిరిగి రాదు కాబట్టి బొమ్మ మీద మాత్రం ప్రయోగించకండి. అదే కారణంగా కసిమి బట్టను పులుపు తగలనీయకుండా, నీడలో ఆరేసి వాడుకోవాలి.