అందరూ వాడుకోగల భవనం: కొన్ని అపోహలు, వాస్తవాలు

వేర్వేరు మతాలు, కులాలు, అలవాట్లు, శారీరక సామర్థ్యాలు ఉన్నవారంతా కలిసి వాడుకోవాల్సిన భవనాలను రూపొందించేటప్పుడు, ఆర్కిటెక్టులమైన మా వృత్తిలో కొన్ని మాటలు పదే పదే వినిపిస్తాయి. అవి మంచి ఉద్దేశంతో అన్నవే అయినా శ్రద్ధనూ, డబ్బునూ తప్పు చోటికి మళ్లిస్తాయి. ఒక భవనం ఎవరిని లోపలికి రానిస్తుందో, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపుతుందో దాని ఎలివేషన్ (బయటికి కనిపించే రూపం) గీయకముందే, స్థలం ఎంపికలోనూ ప్లాన్‌లోనూ తేలిపోతుందని నా అభిప్రాయం.

అపోహ: ఎలివేషన్‌లో అన్ని సంస్కృతుల ఆనవాళ్లూ కనిపిస్తే భవనం అందరిదీ అవుతుంది.

వాస్తవం: ఈ మాట వచ్చినప్పుడల్లా ఉస్మానియా ఆర్ట్స్ కళాశాలను ఉదాహరణగా చూపుతారు. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేయగా 1939లో ప్రారంభమైన ఆ కట్టడంలో ఇస్లామిక్ కమానులూ, అజంతా ఎల్లోరా గుహలను తలపించే స్తంభాలూ ఎంతో హుందాగా కలిసిపోయాయి. ఆ మేళవింపు గొప్పదనాన్ని కాదనడానికి లేదు. అయితే చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికి ఆ కమానుకన్నా ముందు ఎదురయ్యేది మెట్ల వరుస. ఆనాటి రూపకర్తలను ఇందుకు తప్పుపట్టలేం కానీ, ఈనాడు కమ్యూనిటీ హాలు గోడకు కలంకారీ బొమ్మలు వేయించి పని ముగిసిందనుకునేవారికి ఆ వెసులుబాటు లేదు.

అపోహ: అందరికీ ఒకే నమూనా ఇల్లు ఇవ్వడమే సమానత్వం.

వాస్తవం: తెలంగాణలో డబుల్ బెడ్‌రూం పథకం కింద 560 చదరపు అడుగుల్లో రెండు పడక గదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు ఉన్న ఇళ్లు కట్టారు. ఒంటి గది పక్కా ఇళ్లతో పోలిస్తే ఇది పెద్ద ముందడుగే. కానీ మేకలు పెంచుకునే కుటుంబానికీ, పక్కింటివారితో కలిసి అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే మహిళకూ పై అంతస్తులోని ఫ్లాటు ఇంటిని ఇచ్చి, పనిచేసుకునే చోటును తీసేసుకుంటుంది. సముద్రతీరంలో వలలు ఆరబెట్టి బాగుచేసుకునే మత్స్యకారుల ఇబ్బందీ ఇలాంటిదే.

దీనికి జవాబు మన దేశంలోనే ఉంది. ఇండోర్‌లో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి 1980లలో రూపొందించిన అరణ్య కాలనీలో దాదాపు 6,500 ప్లాట్లు ఉన్నాయి. అక్కడ పేద కుటుంబాలకు పూర్తయిన ఇంటికి బదులు పునాది, నీటి సదుపాయం, మరుగుదొడ్డి వంటి తప్పనిసరి భాగాన్ని సమకూర్చి, మిగిలినదాన్ని తమ స్తోమతను బట్టి, అలవాట్లను బట్టి కట్టుకొనే వీలు కల్పించారు. వేర్వేరు ఆదాయ వర్గాలకు అదే కాలనీలో చోటిచ్చారు. నవీ ముంబైలోని బేలాపూర్‌లో మరో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా ఏడేసి ఇళ్లను ఒక ఉమ్మడి ముంగిలి చుట్టూ అమర్చి, ఏ ఇంటి గోడా పక్కింటితో కలవకుండా చూశారు. దానివల్ల పొరుగువారి గోడ జోలికి పోకుండానే ఎవరి ఇంటిని వారు పెంచుకోవచ్చు. అక్కడ చాలా ఇళ్లను యజమానులు కూల్చి మళ్లీ కట్టుకున్నారు కాబట్టి ఆ ప్రయోగం విఫలమైందని కొందరు అంటారు. మార్పును తట్టుకోవడానికే వేసిన ప్లాన్ ఆ పరీక్షలో నెగ్గిందనే నేను అనుకుంటాను.

అపోహ: మన పాత పద్ధతిలో కడితే సంస్కృతిని గౌరవించినట్టే.

వాస్తవం: ఎవరి సంస్కృతిని అన్నది ముందు అడగాలి. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో గాలి, వెలుతురు, వాన నీటి ఏర్పాటు నేటికీ నేర్చుకోదగినవి. అయితే అరుగు దాకా ఎవరు రావచ్చు, వసారా దాకా ఎవరు, పెరటి దారిన మాత్రమే ఎవరు అనేది అదే ప్లాన్ కులాన్ని బట్టి, ఆడామగా తేడాను బట్టి నిర్ణయించేది. అందులోని గాలి వెలుతురులను తీసుకొని, గదుల వరసను వదిలేయడమే మా పని. ఊరి స్థాయిలో ఈ సమస్య మరింత తీవ్రంగా ఉంటుంది. బావులు, చెరువులు, రోడ్ల వాడకంలో కులం పేరిట ఆంక్షలు పెట్టరాదని రాజ్యాంగంలోని 15(2) అధికరణం చెబుతున్నా, కమ్యూనిటీ హాలును గుడి ప్రాంగణంలో కడితే దళితవాడ నుంచి అక్కడికి వచ్చేవారు తగ్గుతారు. దళితవాడలో కడితే మిగిలిన ఊరు మరో హాలు అడుగుతుంది. బడి, రేషన్ దుకాణం, బస్టాపు వంటి, అన్ని వీధులవారూ ఎలాగూ వచ్చే చోటికి ఆనుకొని స్థలం దొరికేదాకా పట్టుబట్టడం మేలు.

అపోహ: ర్యాంపు వేస్తే దివ్యాంగుల విషయం తీరిపోయినట్టే.

వాస్తవం: వాలు 1:12కు మించకూడదు, అంటే బేస్‌మెంట్ మూడు అడుగుల ఎత్తుంటే ర్యాంపుకు 36 అడుగుల పొడవు కావాలి, మధ్యలో ఆగే చదును దానికి అదనం. చాలాచోట్ల కనిపించే ర్యాంపులు ద్విచక్ర వాహనాలు ఎక్కించడానికే పనికొస్తాయి. పైగా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు లేనివారికీ, వినికిడి లేనివారికీ ర్యాంపు చేసే మేలు స్వల్పం.

అపోహ: ఒక ఖాళీ గదికి సర్వమత ప్రార్థన గది అని బోర్డు పెడితే చాలు.

వాస్తవం: నమాజుకు ముందు కాళ్లు కడుక్కోవడానికి కుళాయి, చెప్పులు విడిచే చోటు, హైదరాబాద్ నుంచైతే పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉండే మక్కా దిక్కు సూచిక కావాలి. గోడకు ఏ మత చిహ్నాన్నీ శాశ్వతంగా బిగించకూడదు.

అపోహ: గ్రామసభ ఆమోదిస్తే అందరినీ అడిగినట్టే.

వాస్తవం: సభలో మాట్లాడేవారు ఎప్పుడూ కొందరే. మహిళలతో, వృద్ధులతో, వలస కూలీలతో విడివిడిగా, వారికి వీలైన వేళల్లో కూర్చోవాలి. కాగితం మీది ప్లాన్ అందరికీ అర్థం కాదు కాబట్టి, నేల మీద ముగ్గుతో అసలు కొలతలకే గీసి అందులో నడవమంటే, వంట చేసేవారు పొయ్యి దిక్కును, పిల్లల తల్లులు మరుగుదొడ్డి దూరాన్ని వెంటనే ప్రశ్నిస్తారు. పునాది తవ్వకముందే ఈ పని చేయాలి. అప్పుడు గోడను జరపడానికి అయ్యే ఖర్చు మళ్లీ పోసే ముగ్గు మాత్రమే.