కీళ్ల వాపుల నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనేంది?

జగిత్యాల, నిజామాబాద్ దిక్కు బీడీలు చుట్టే ఆడవాళ్లల్ల కొందరు చెప్తుంటరు, పొద్దుగాల లేవంగనే వేళ్లు ముడుసుకోవు, గంట గంటన్నర దాకా చాయ్ గ్లాస్ పట్టుకోనికి గూడ రాదు, రెండు చేతులకు ఒక్కతీరుగ గణుపులు ఉబ్బి వేడిగ ఉంటయ్ అని. చేసీ చేసీ వచ్చిన నొప్పిలే అని ఊకుంటరు, కానీ మామూలుగ పనితోటి వచ్చిన నొప్పి పండుకుంటె తగ్గుతది, ఇదేమో పండుకొని లేశినంకనే ఎక్కువుంటది. ఇసొంటి లక్షణాలుంటె రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని అనుమానపడాలె, అంటే మన ఇమ్యూనిటీ మన కీళ్ల మీదనే పడ్డట్టు.

ఆ వాపుల చెయ్యి ఉన్నవాటిల్ల ఒకటి వట్టి గ్యాస్ అంటే చానామంది నమ్మరు. నైట్రిక్ ఆక్సైడ్, ఒక నైట్రోజన్ ఒక ఆక్సిజన్, అంతే. బండ్ల పొగల వచ్చేది గూడ ఇదే (లాఫింగ్ గ్యాస్ వేరే, అది నైట్రస్ ఆక్సైడ్, రెండిటినీ కలపొద్దు). ఇది మన ఒంట్ల రక్తనాళాలను వదులు చేస్తది అని కనిపెట్టినందుకు 1998ల ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అని ముగ్గురికి నోబెల్ ఇచ్చిన్రు. ఛాతీ నొప్పొస్తె నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ గోలీ పనిచేసేది గూడ ఒంట్ల ఈ గ్యాస్ విడుదలయ్యే. మరి గుండెను కాపాడేది కీలును ఎందుకు తింటది?

ఎవరు తయారు చేస్తున్రు, ఎంత చేస్తున్రు అన్న కాడనే ఉంది అసలు సంగతి. మనం తినే పప్పు, పల్లీలల్ల ఉండే ఆర్జినైన్ నుంచి దీన్ని తయారు చేసే ఎంజైములు మూడున్నయ్. నరాలల్ల ఒకటి, రక్తనాళాలల్ల ఒకటి ఎప్పుడూ ఉంటయ్, కణంల కాల్షియం పెరిగితె కొంచెం గ్యాస్ చేస్తయ్, తగ్గితె ఆపేస్తయ్. మూడోది ఐనాస్, మామూలప్పుడు ఇది దాదాపు ఉండనే ఉండదు. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 అనే వాపు సిగ్నళ్లు వచ్చినంక కణం కొన్ని గంటల్ల దీన్ని కొత్తగ తయారు చేసుకుంటది, ఇగ అప్పటిసంది కాల్షియం పెరిగినా తగ్గినా దీనికి ఫరక్ పడదు. బాయికాడ మోటర్‌కు ఆటో స్టార్టర్ పెట్టి ఇంటికొచ్చినట్టే, మడి నిండినా పారుతనే ఉంటది. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు క్రిములను సంపనికి ఈ గుణమే కావాలె, కీలుల మాత్రం సంపనికి క్రిమి లేదు.

కీలు లోపల బొక్కల చివర్లకు తెల్లగ, నున్నగ ఉండే మృదులాస్థి ఉంటది. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు, ఉన్న కొద్ది కణాలే కొల్లాజెన్ను (గట్టితనమిచ్చే నారల ప్రొటీన్), నీళ్లు పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్లను చేసుకుంటూ దాన్ని నిలబెడుతయ్. వాపు సిగ్నల్ తగిలితె ఈ కణాలే ఐనాస్ తయారు చేస్తయ్, అంటే గ్యాస్ బయటినుంచి వచ్చుడు గాదు, ఇంట్లనే పుడుతది. అప్పుడు కొత్త కొల్లాజెన్ తయారీ తగ్గుతది, ఉన్నదాన్ని కోసేసే ఎంజైములు జోరు మీదికొస్తయ్, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఊపిరి ఆగినట్టయితది. పక్కన సూపర్ ఆక్సైడ్ (ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన రసాయనం) దొరికితె దాంతోటి కలిసి పెరాక్సీనైట్రైట్ అయితది, అది ఇంకా మొండిది, ప్రొటీన్ల మీద మచ్చలేసి పోతది.

ఈ గ్యాస్ సెకన్లల్ల మాయమైతది గదా, ఎట్ల కొలుస్తరు? మాయమైనంక మిగిలే నైట్రైట్‌ను కొలుస్తరు. ఉబ్బిన మోకాలు నుంచి సూదితోటి నీరు తీసి గ్రీస్ రియేజెంట్ అనే రసాయనం కలిపితె గులాబీ రంగొస్తది, రంగు ఎంత ముదిరితె నైట్రైట్ అంత ఉన్నట్టు. 1879 నాటి టెస్ట్ ఇది, ఇప్పటికీ నడుస్తుంది. రుమటాయిడ్ పేషెంట్ల రక్తం కంటే కీలు నీళ్లల్లనే నైట్రైట్ ఎక్కువున్నట్టు 1992ల తేలింది, అది కీలులనే తయారైతుందనడానికి గట్టి ఆధారం.

మరి ఐనాస్‌ను ఆపేస్తె సరిపాయె అని అందరికీ అనిపిస్తది, సైంటిస్టులకూ అనిపించింది. ఎలుకలల్ల కొన్ని ప్రయోగాలల్ల వాపు తగ్గింది, ఇంకో ప్రయోగంల ఐనాస్‌ను మాత్రమే ఆపితె కీలు అరుగుడు ఎక్కువైంది. మనుషులల్ల సిండునిస్టాట్ అనే మందును మోకాలి ఆస్టియోఆర్థరైటిస్‌కు (ఇది అరుగుడు జబ్బు, రుమటాయిడ్ వేరే) రెండేండ్లు ఇచ్చి చూశిన్రు, మొత్తం మీద అరుగుడు ఆగలే. నా లెక్కల దీంట్ల ఆశ్చర్యం ఏం లేదు, ఐనాస్ సిగ్నల్ వింటే లేశేది, సిగ్నల్ ఇచ్చేటోళ్లను వదిలి దీన్నొక్కదాన్నే పట్టుకుంటె మిగతా దారులు ఖాళీగ ఉండవు గదా. టీఎన్ఎఫ్‌ను ఆపే ఇంజెక్షన్లు ఇచ్చినప్పుడు రుమటాయిడ్ పేషెంట్ల రక్తకణాలల్ల ఐనాస్ గూడ తగ్గింది, అంటే పైనుంచి ఆపితె కింద దానంతట అదే తగ్గుతుంది.

ఇగ జిమ్ముల పక్కన అమ్మే నైట్రిక్ ఆక్సైడ్ బూస్టర్ డబ్బాలు కీళ్లకు మంచియని వాట్సాప్‌ల తిప్పుతున్రు, ఇదంతా సదివినంక గూడ కొంటనంటె మీ ఇష్టం. అట్లని ఉల్టా చేసి సార్బిట్రేట్ గోలీ మాత్రం బంద్ చెయ్యొద్దు. అది గుండె కోసం డాక్టర్ లెక్కగట్టి ఇచ్చిన డోసు, కీలుల ఐనాస్ పోసే ధారకు దానికి సంబంధం లేదు.

డాక్టర్ దగ్గరికి పోతె నైట్రిక్ ఆక్సైడ్ టెస్ట్ రాయమని అడగకున్రి, ఇది ల్యాబుల రీసెర్చ్‌కు పనికొచ్చేదే. పొద్దుగాల బిగుసుకుపోవుడు గంటకు పైన ఉండి, వాపు ఆరు వారాలు దాటితె ఈఎస్ఆర్, సీఆర్పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్త పరీక్షలు రాస్తరు, జబ్బు తేలితె ముందుగాల మామూలుగ మెథోట్రెక్సేట్‌తోటే మొదలుపెడుతరు. అది వారానికి ఒక్కసారే ఏసుకునే మందు, రోజు ఏసుకుంటె ప్రాణం మీదికొస్తది.