మాగ్లెవ్ మాగ్నెట్లు, మైనస్ 269 డిగ్రీలు: అపోహలు – వాస్తవాలు

క్రయోజెనిక్స్‌లో, అంటే అతి చల్లని ఉష్ణోగ్రతల రంగంలో పనిచేస్తానంటే చాలు, అయస్కాంత బలంతో గాల్లో తేలుతూ పరిగెత్తే మాగ్లెవ్ రైళ్ల గురించి అడుగుతారు. ప్రశ్నల్లో సగం యూట్యూబ్ వీడియోల పుణ్యమే. ఒకసారి రాసి పెట్టేస్తే ప్రతిసారీ చెప్పే పని తప్పుతుంది. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా జపాన్‌లో యమనాషి లైను మీద 2015లో గంటకు 603 కిలోమీటర్లు అందుకున్న రైలు గురించి.

అపోహ: మాగ్నెట్ బాగా చల్లబడితే రైలు గాల్లోకి లేస్తుంది.
లేవదు. రైల్లోని మాగ్నెట్లలో కరెంటు నిండుగా తిరుగుతున్నా, ఆగి ఉన్న రైలు టైర్ల మీదే నిలబడుతుంది. గంటకు సుమారు 150 కిలోమీటర్లు దాటాక దారి పక్క గోడల్లోని కాయిల్స్‌లో (తీగ చుట్టల్లో) పుట్టే కరెంటే దాన్ని పైకెత్తుతుంది. అందుకే "కరెంటు పోతే దబ్బున పడిపోతుందా?" అన్న టెన్షన్ అక్కర్లేదు. రైల్లోని మాగ్నెట్ సూపర్‌కండక్టర్ కాయిల్, అంటే కరెంటుకు నిరోధమే లేని తీగ చుట్ట; అందులో కరెంటు తనంతట తాను తిరుగుతూనే ఉంటుంది, వేగం తగ్గాక టైర్లు అందుకుంటాయి.

అపోహ: లిక్విడ్ నైట్రోజన్ చాలు కదా, వీడియోలో చూశాం.
ఆ వీడియోలో పొగలు కక్కుతూ తేలే నల్ల బిళ్ల సాధారణంగా వైబీసీవో అనే పింగాణీ లాంటి పదార్థం. అది 93 కెల్విన్‌కే (సుమారు మైనస్ 180 డిగ్రీలు) సూపర్‌కండక్టర్ అవుతుంది కాబట్టి 77 కెల్విన్ నైట్రోజన్ సరిపోతుంది. యమనాషి కాయిల్స్‌లో ఉన్నది నియోబియం-టైటానియం తీగ, 9 కెల్విన్ దాటితే దాని సంగతి అంతే. 4 కెల్విన్, అంటే మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉండే ద్రవ హీలియం తప్పదు. నైట్రోజన్ అక్కడా ఉంది, కానీ కాయిల్ చుట్టూ ఉండే షీల్డ్‌ను చల్లగా ఉంచడానికి.

అపోహ: చల్లబరచడమే కష్టం, ఆ తర్వాత అంతా సాఫీ.
మా తలనొప్పంతా ఆ తర్వాతే. వేడి ఎటునుంచి దూరుతుందా అని వెతుక్కోవడమే పని. గది ఉష్ణోగ్రతలో, అంటే 300 కెల్విన్‌లో ఉండే మాగ్నెట్ పెట్టె బయటి గోడ నుంచి వచ్చే రేడియేషన్‌తో పోలిస్తే 77 కెల్విన్ షీల్డ్ నుంచి వచ్చేది దాదాపు 230వ వంతు, ఆ షీల్డ్ పెట్టేది ఇందుకే. గాలి ద్వారా వచ్చే వేడి సంగతి వాక్యూమ్ చూసుకుంటుంది. ఇక మిగిలింది కాయిల్‌ను పట్టి ఉంచే సపోర్టులు, అసలు చిక్కు వాటిదే. రైలు బరువంతా 4 కెల్విన్ కాయిల్ నుంచి బయటి వెచ్చని ఫ్రేముకు వాటి గుండానే చేరాలి, కానీ వేడి మాత్రం వెనక్కి రాకూడదు, అంటే లావుగా చేస్తే వేడి, సన్నగా చేస్తే బలం చాలదు. పైగా దారి పక్క గోడ కాయిల్స్ ఒక్కొక్కటీ దాటుతుంటే మాగ్నెట్ వణుకుతుంది, ఆ వణుకు కూడా వేడే. ఒక్క వాట్ లోపలికి వచ్చినా గంటకు 1.4 లీటర్ల హీలియం ఆవిరైపోతుంది! దాన్ని బయటికి తోడాలంటే కంప్రెసర్‌కు వందల వాట్లు పెట్టాలి.

అపోహ: ప్రతి స్టేషన్లో హీలియం పోయాలి.
అక్కర్లేదు, ఆవిరిని మళ్లీ ద్రవం చేసే ఫ్రిజ్ మాగ్నెట్ మీదే ఉంటుంది.

అపోహ: మాగ్లెవ్ అంటేనే క్రయోజెనిక్స్.
షాంఘై మాగ్లెవ్‌లో ఉన్నవి మామూలు ఎలక్ట్రోమాగ్నెట్లు.

అపోహ: కొత్త సూపర్‌కండక్టర్ పదార్థాలు వచ్చేశాయి, ఇక 77 కెల్విన్ చాలు.
వీడియోలోని బిళ్లకు చాలు. కాయిల్ చుట్టి బలమైన క్షేత్రం కావాలంటే మాత్రం సూపర్‌కండక్టర్ గుణం పోయే ఉష్ణోగ్రతకు అంత దగ్గరగా నడిపితే మోయగల కరెంటు బాగా పడిపోతుంది. అందుకే 2005లో యమనాషిలో బిస్మత్ రకం సూపర్‌కండక్టర్ (ఇదీ కొత్త పదార్థాల్లో ఒకటే) తీగతో చేసిన మాగ్నెట్‌ను పరీక్షించినప్పుడు కూడా 20 కెల్విన్ దగ్గరే ఉంచారు. లాభం లేదని కాదు, ద్రవ హీలియం బెడద పోయింది, ఫ్రిజ్ ఒక్కటే సరిపోయింది.