భవానక్క ఎందుకు మాట మారుస్తోంది?

చి॥ చరణ్‌కూ, చిన్నికీ తాత ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. "అక్క సంక్రాంతికి గుండె డాక్టరవుతానంది, ఉగాదికి పిల్లల డాక్టరంది, ఇప్పుడేమో మత్తు డాక్టరంటోంది. అబద్ధాలు చెప్తా ఉందా తాతా?" అని చిన్ని అడిగింది. లేదమ్మా, వేషాలు వేస్తోంది. అక్కకు చెప్పి నామీద ఉసిగొల్పొద్దు, నేనంటున్నది మన తిరుపతి గంగజాతర వేషాల సంగతి.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూశారు కదా. ఒకరోజు తెల్లనాము పూసుకుని బైరాగి, మర్నాడు కుంకుమ పూసుకుని బండ, ఆ తర్వాత బొగ్గు పూసుకుని తోటి, ఆపైన దొర. దాక్కున్న పాళెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ ఇన్ని వేషాలు వేసిందని మన అవ్వలు చెప్పే కథ. దొరవేషం చూసి వాడు బయటికొచ్చాడు.

నాలుగున్నరేళ్లు ఎంబీబీఎస్ చదివాక ఒక ఏడాది హౌస్ సర్జన్‌గా చెయ్యాలి. అక్క మన రుయా ఆసుపత్రిలో చేస్తోంది అదే. ఒక్కచోట ఉండనివ్వరు, వార్డు మారినప్పుడల్లా ఒక కొత్త వేషం. జనరల్ మెడిసిన్‌లో 6 వారాలు, సర్జరీలో 6, కాన్పుల వైపు 7, పిల్లల వార్డులో 3, మత్తుకూ కంటికీ ఎముకలకూ తలా 2, చర్మానికి ఒక్క వారం. పల్లెల్లో జనారోగ్యం చూసేందుకు మాత్రం 12. తమకు నచ్చినచోట చేసుకోవడానికి ఇంకో 4 వారాలు విడిగా ఉంటాయి.

గుండె డాక్టరన్నది అక్క సొంతమాట కాదు. బళ్లో చదివేటప్పుడు చుట్టాలందరం కలిసి నేర్పించిన మాట. వేషం కట్టేదాకా అది ఒంటికి అతుకుతుందో లేదో ఎవరికి తెలుస్తుంది? కత్తి పట్టాలని కలలుగన్న అబ్బాయి ఆపరేషన్ థియేటర్లో గంటల తరబడి నిలబడ్డాక ఇది నావల్ల కాదంటాడు. పిలకాయల ఏడుపంటే భయపడిన మన అక్క, విరేచనాలతో వాడిపోయిన పసివాడు సెలైన్ ఎక్కాక సాయంత్రానికి బిస్కెట్టు కోసం మారాం చేయడం చూసి పిల్లల డాక్టరవుతానంది. ఇక మత్తు సంగతి. "సూది వేసి ఊరుకోవడం కాదు తాతా, మనిషి లేచేదాకా ఊపిరికి కాపలా కాయాలి" అంది ఫోన్లో. గొంతు మారిపోయింది అది చెప్తూంటే.

వేషం కట్టించేదెవరన్నదీ లెక్కే. పక్కన నిలబెట్టుకుని ఓపిగ్గా చేయించే సారు దొరికితే ఆ బ్రాంచి మీద మనసు పడుతుంది. అందరి ముందూ కసిరే పెద్దడాక్టరు కింద పడితే మంచి బ్రాంచి కూడా చేదవుతుంది. తప్పు మనిషిది, శిక్ష బ్రాంచికి. పెద్దవాళ్లయ్యాక మీరూ ఎవరికైనా పని నేర్పిస్తారు కదా, అప్పుడిది గుర్తుపెట్టుకోండి.

నా చిన్నప్పుడు చింతచెట్టు మీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే మా నాయన బండి కట్టి పుత్తూరు తీసుకుపోయాడు. ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దలు, గుడ్డకట్టు. కట్టు కట్టే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని మా ఊళ్లో వానలెట్లా ఉన్నాయని అడుగుతూ అడుగుతూనే చటుక్కున లాగేశాడు. అరిచేలోపు ఎముక సర్దుకుంది! ఊరికొచ్చి పుత్తూరు కట్టు కట్టేవాణ్ణి అవుతానని కూర్చున్నాను. మేకపిల్ల కాలికీ కట్టాను, మా కుక్క కాలికీ కట్టాను. వాటికేమీ విరగలేదు పాపం. చివరికి బడిపంతుల్నయ్యాననుకోండి.

పాళెగాణ్ణి చంపాక వాడి పెళ్లాన్ని ఓదార్చడానికి గంగమ్మ మాతంగి వేషం వేసిందంటారు. డాక్టరు చదువులో ఆ వేషానికి విడిగా వారాలు కేటాయించలేదు. ఏ వార్డులో ఉన్నా వెయ్యాల్సిందే. ఒక్కోసారి అది మోయలేక కూడా కొందరు రోగి ఎదురుపడని పనికి, ఎక్స్‌రేలూ స్కానులూ చూసే వైపుకో ల్యాబు వైపుకో పోతారు. రాత్రి డ్యూటీలు లేకుంటే చాలని చర్మం వైపు చూసేవాళ్లూ ఉన్నారు. వాళ్లను తక్కువ చేసి మాట్లాడకండి. ఇదంతా అయ్యాక నీట్ పీజీ అని, పైచదువు సీటు కోసం రాసే పరీక్షలో వచ్చే ర్యాంకని ఒకటుంది. మనసు ఒకచోట పడితే సీటు ఇంకోచోట రావచ్చు.

ఒకే వార్డు, ఒకే సారు, అవే 3 వారాలు. ఒకమ్మాయికి ఇదే నా బతుకనిపిస్తుంది, పక్కనున్న అమ్మాయి ఎప్పుడైపోతుందా అని రోజులు లెక్కపెడుతుంది. ఎందుకో చెప్పమంటే నాకు చేతకాదు.

మీరే కనిపెట్టండి. ఈసారి అక్క వచ్చినప్పుడు ఏ డాక్టరవుతావని అడగొద్దు. నిన్న ఏం చేశావని అడగండి. అన్ని వార్డుల గురించీ చెప్పించండి. ఏ వార్డు సంగతి చెప్పేటప్పుడు కంచంలో చెయ్యి ఆగిపోతుందో చూసి నాకు రాయండి.

మీ తాత
తిరుపతి