వయొలిన్ శృతి నిలవడం లేదా? కొత్తది కొనే ముందు కమాను చూడండి

“సార్, పాప వయొలిన్‌కు శృతి నిలబడటంల్యా. కొత్తది కొందామా?”

కడపలో పిల్లలకు వయొలిన్ నేర్పుతున్న ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. పోయిన వారం ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి పాపను, వయొలిన్ పెట్టెను వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది. ఎవరో చెప్పారని అప్పటికే రెండుసార్లు తీగలు మార్పించింది. వాయిద్యమే నాసిరకం అని ఇంకెవరో అంటే 15,000 రూపాయలు కూడబెడుతోంది.

తంబురా పెట్టి స, ప, స, ప నాలుగు తీగలూ శృతి చేశాను. పావుగంట తర్వాత చూస్తే ఎక్కడివక్కడే ఉన్నాయి. పాపకిచ్చి మధ్య షడ్జం (స) తీగ మీద పొడుగ్గా కమాను, అంటే వయొలిన్ బో, లాగమన్నాను. స్వరం కిందికి జారింది. “తేలిగ్గా పట్టుకో తల్లీ” అంటే మళ్లీ పైకొచ్చి తంబురాలో కలిసిపోయింది. తీగ మీద వేలు లేదు, తీగను బిగించే బిరడాను ఎవరూ ముట్టుకోలేదు.

కమానును గట్టిగా నొక్కి నెమ్మదిగా లాగితే స్వరం దిగుతుంది. కమాను తీగను సెకనుకు వందల సార్లు పట్టుకుని వదులుతుంటుంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే తీగ విడిపించుకోవడం ప్రతిసారీ కాస్త ఆలస్యమై, కంపనాల సంఖ్య తగ్గుతుంది. మన పద్ధతిలో తీగలు పాశ్చాత్యుల కన్నా వదులుగా ఉంటాయి కాబట్టి ఈ తేడా ఇంకా బాగా వినిపిస్తుంది. భయపడే పిల్లలే ఎక్కువ నొక్కుతారు. అలాంటి బిడ్డను “నీకు శృతి జ్ఞానం లేదు” అనేస్తే ఆ చెయ్యి ఇంకా బిగుసుకుంటుంది. దయచేసి ఆ మాట అనకండి.

నాకూ ఇది జరిగింది. 19 ఏళ్లప్పుడు ఒక గుడిలో కచేరీకి ముందు, శృతి నిలవడం లేదని మూడుసార్లు బిరడాలు తిప్పాను. మా గురువుగారు ఏమీ అనకుండా నా కుడి మణికట్టు కింద రెండు వేళ్లు పెట్టి పైకి లేపారు. శృతి కుదిరింది.

ఇంకో తప్పు శృతి చేసేటప్పుడే జరుగుతుంది. తీగను గట్టిగా మీటి, ట్యూనర్ యాప్‌లో పచ్చరంగు కనబడగానే వదిలేస్తారు. గట్టిగా మీటిన క్షణంలో తీగ సాగి స్వరం కాస్త ఎక్కువ పలుకుతుంది, ఆ తర్వాతే దిగి అసలు చోటికి వస్తుంది. మొదటి క్షణాన్ని నమ్మితే తీగ తక్కువలో ఉండిపోతుంది. వాయించేటప్పుడు ఎంత ఒత్తిడి పెడతారో అంతే ఒత్తిడితో కమాను లాగుతూ శృతి చేయండి. షడ్జానికి యాప్ చాలు. పంచమాన్ని (ప) మాత్రం తంబురా వింటూ చెవితో కలపండి. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలుస్తారు. షడ్జం నుంచి యాప్ పంచమం 700 సెంట్లు, తంబురాలో పలికేది దాదాపు 702.

వేళ్ల గుర్తుకు స్టిక్కర్లు అంటిస్తే సరిపోతుందనేది మరో నమ్మకం. మొదట్లో దారి చూపిస్తాయి, అంతే. వయొలిన్ తీగ సుమారు 33 సెంటీమీటర్లు. మొదటి స్వరాల దగ్గర వేలు ఒక్క మిల్లీమీటరు జరిగితే తేడా 5 సెంట్ల పైచిలుకు, పై షడ్జం దగ్గర అదే మిల్లీమీటరుకు 10 దాటుతుంది. స్టిక్కరే అంతకన్నా వెడల్పుంటుంది.

పెద్ద వయసులో చెవి పలకదంటారు. నా దగ్గర రిటైరైన వాళ్లు నేర్చుకుంటున్నారు. కొత్త తీగలు మొదటి కొన్ని రోజులు సాగుతాయి, కంగారు పడొద్దు. మే నెల ఎండలో మాత్రం వయొలిన్‌ను కారులో వదలకండి. తీగలు వదులవడం ఒక్కటే కాదు, జిగురు మెత్తబడి అతుకులు విడిపోతాయి.

ఆ తల్లికి చెప్పింది ఇదీ: డబ్బు దాచుకోండి. రోజూ పది నిమిషాలు వేలు పెట్టకుండా తంబురాతో కమాను మాత్రం లాగించండి. ఎవరూ వాయించకుండా పక్కన పెట్టినా తీగ దిగిపోతుంటే అప్పుడు బిరడా జారుతున్నట్టు. కాస్త సుద్దముక్క రుద్ది, తిప్పేటప్పుడు లోపలికి నొక్కండి. అప్పటికీ ఆగకపోతే వయొలిన్ తీసుకుని రండి, చూద్దాం.